సీఈఏ 2.8 నుంచి 5.9 అయితే క్యాన్సర్ తిరగబెట్టినట్టేనా? – సమాధానం

తమ్ముడూ, ముందు గుండె దిటవు చేసుకో. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కర్నూలులో 2.8 ఉన్న మీ నాయన సీఈఏ రక్తపరీక్ష అంకె, ఇప్పుడు అనంతపురం ల్యాబులో 5.9 వచ్చిందని, జబ్బు తిరగబెట్టిందేమోనని అడిగినావు. ఈ ఒక్క అంకెతో ఏ డాక్టరూ అట్లా తేల్చడు.

సీఈఏ రక్తంలో ఉండే ఒక ప్రొటీన్, 1965లో కనుక్కున్నారు. పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవాళ్లలో చాలామందికి ఇది పెరుగుతుంది. మామూలుగా మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల లోపు ఉండాలంటారు. బీడీ తాగేవాళ్లకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు, కీమో నడిచేటప్పుడు కూడా పెరుగుతుంది. మీ నాయన బీడీలు మానలేదని నువ్వే రాసినావు కదా. పైగా ల్యాబు మారింది. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, పరీక్ష పేరు కింద చిన్నక్షరాల్లో ఉండే పద్ధతి చూడు. ఒకదాంట్లో క్లియా, ఇంకోదాంట్లో ఈసీఎల్ఐఏ అని ఉంటే, అవి సీఈఏను కొలిచే వేర్వేరు పద్ధతులు కాబట్టి ఆ అంకెలను పోల్చకూడదు.

కర్నూలు ల్యాబులోనే మళ్లీ చేయించు. అక్కడా పెరిగితే మాత్రం ఒక్కరోజు కూడా నాన్చొద్దు, ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించు, సీటీ స్కాన్ రాస్తారు. తిరగబెట్టినా, లివర్లో ఒకటి రెండు గడ్డలున్నప్పుడే దొరికితే చాలామందికి కోసి తీసేసే వీలుంటుంది. తొలి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి ఈ పరీక్ష చేయించమనేది అందుకే.

బయాప్సీ రిపోర్టు కూడా తీసి చూడు. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే, కణాల్లో డీఎన్ఏ తప్పులను సరిదిద్దే ప్రొటీన్ల సంగతి రాసుంటే డాక్టరును తప్పకుండా అడుగు. రెండో స్టేజీలో వీటిలో ఏదైనా లోపించినవాళ్లకు జబ్బు తిరగబెట్టేది సాధారణంగా తక్కువ. అయితే అది వంశంలో వచ్చిన లోపమైతే నువ్వూ, మీ చెల్లెలూ ఆ లోపం ఉందేమో జన్యు పరీక్ష చేయించుకోవాల్సి వస్తుంది.