పారిస్ ఒలింపిక్స్ ఈత పోటీల్లో, ఆడవాళ్ల 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో (కప్పలా ఈదే ఈత) ఇద్దరికీ నాలుగో స్థానం ఏటి?

టైము సరిగ్గా తియ్యలేకపోయారా అని అడిగావు కదా తమ్ముడూ, కాదు, కావాలనే సెకనులో వందో వంతు దగ్గర లెక్క ఆపేస్తారు. 2024 ఫైనల్లో మోనా మెక్‌షారీకి 1:05.59, కాంస్యం. లిలీ కింగ్, బెనెడెట్టా పిలాటో ఇద్దరికీ 1:05.60. పిలాటోకి అప్పటికి 19 ఏళ్లే, పాపం.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో మగవాళ్ల మెడ్లే రేసు (నాలుగు రకాల ఈతలూ కలిపిన పోటీ) ఒకటి వెయ్యో వంతులు చూసి తేల్చేశారు, తర్వాత ఆ పద్ధతి ఎత్తేశారు, ఎందుకంటే వీళ్ల స్పీడుకి సెకనులో వెయ్యో వంతంటే మిల్లీమీటరున్నర దూరం, ఈతకొలనులో ఒక లేన్‌కీ ఇంకో లేన్‌కీ పొడవులో అంతకంటే ఎక్కువే తేడా ఉండొచ్చు, గోడ ఎవరికి దగ్గరైతే వాళ్లకి మెడల్ వేస్తామా ఏటి?

పైగా బ్రెస్ట్‌స్ట్రోక్‌లో రెండు చేతులూ ఒకేసారి గోడకి తగలాలి, ఫ్రీస్టైల్‌లా ఒక చెయ్యి చాపేస్తే డిస్‌క్వాలిఫై. అందుకే స్ట్రోక్ సగంలో గోడ వచ్చేస్తే పని అయిపోయినట్టే. మన శ్రీకాకుళం నాగావళిలో పిల్లలు పందెం కాస్తే గట్టు మీదున్న పెద్దాయన ఎవడంటే వాడే ఫస్టు, ఇక్కడ మాత్రం గోడకున్న టచ్‌ప్యాడ్‌దే (చెయ్యి తగలగానే టైము ఆపే పలక) తీర్పు.

గోల్డ్ దక్షిణాఫ్రికా తత్యానా స్మిత్‌కి, 1:05.28.