చివరి కొళాయి దగ్గర మొదలుపెట్టు

కడప

చి. హారికకు పెదనాన్న ఆశీస్సులు.

కర్నూలులో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేరావని, నీటి సరఫరా విభాగంలోనే వేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. నా సర్వీసంతా నీళ్ల పనిలోనే గడిచింది కాబట్టి, ఫోన్లో పొడిపొడిగా చెప్పడం కంటే కూర్చుని రాయడమే మంచిదనిపించింది. ట్రైనీగా ఉండే ఈ ఏడాది చాలా విలువైనది. రేపు నువ్వు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) అయ్యాక నిన్ను చూడగానే జనం ఫిర్యాదులే చెబుతారు, కింది సిబ్బంది ఆచితూచి మాట్లాడతారు. ఇప్పుడైతే ఎవరినైనా ఏదైనా అడగొచ్చు. "ఇంజనీరువి, ఇది కూడా తెలీదా" అని ఎవరూ అనరు. ఆ సౌకర్యం ఉన్నప్పుడే వాడుకో.

ట్రైనీలకు మామూలుగా నది దగ్గర నుంచి చూపించుకుంటూ వస్తారు. ఇదిగో సుంకేసుల బ్యారేజీ, ఇది పంప్‌హౌస్, ఇవి ఫిల్టర్ బెడ్లు, అది ఓవర్‌హెడ్ ట్యాంకు. అన్నీ శ్రద్ధగా చూడు. నీ సొంత చదువు మాత్రం అటు చివరి నుంచి మొదలుపెట్టు. ఒక ట్యాంకును ఎంచుకో. దాని కింద నీళ్లు అన్నిటికంటే ఆలస్యంగా, తక్కువగా అందే వీధి ఏదో వాల్వ్‌మన్‌ని అడుగు. నీళ్లొదిలే టైముకి వెళ్లి ఆ వీధిలో చివరి ఇంటి కొళాయి దగ్గర నిలబడు.

వెళ్లేటప్పుడు క్లోరోస్కోప్, అంటే నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే పెట్టె, తీసుకెళ్లు. కొళాయిని ఓ నిమిషం వదిలి, గాజు గొట్టాన్ని ఆ నీళ్లతోనే కడిగి, గీత దాకా నింపి, ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం చుక్కలు వేసి కదిలించు. నీళ్లలో క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది. దాన్ని పెట్టెలో ఉన్న రంగులతో వెంటనే పోల్చి చూసుకోవాలి. ఆలస్యం చేస్తే రంగు ముదిరి, ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఫిల్టర్ హౌస్ రిజిస్టరులో ఎంత రాసి ఉన్నా సరే, ఆ చివరి ఇంట్లో రంగు తిరగకపోతే మనం వాళ్లకు రక్షిత నీరు ఇచ్చామని చెప్పుకోలేం.

రంగు తిరగలేదనుకో, అక్కడి నుంచి వెనక్కి నడు. వీధి మొదట్లో ఉన్న కొళాయి చూడు, తర్వాత మెయిన్ లైను మీద ఉన్న ఇల్లు, ఆ తర్వాత ట్యాంకు కింద. క్లోరిన్ ఎక్కడిదాకా ఉంది, ఎక్కడ లేకుండా పోయింది అన్నది తేలితే జబ్బు ఆ రెండింటి మధ్యే ఉన్నట్టు. పాత ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపు పగిలి ఉండొచ్చు. ఇంటి కనెక్షన్ పైపు మురుగు కాలువలో నుంచి పోతూ తుప్పు పట్టి ఉండొచ్చు. ట్యాంకు అడుగున ఒండ్రు పేరుకుని క్లోరిన్నంతా అదే తినేస్తూ ఉండొచ్చు. ఇలా ఒక్క ట్యాంకు కింద ఉన్న లైన్లన్నీ పూర్తిగా తెలుసుకుంటే, ఊరు మొత్తం జీపులో తిరిగి చూసినదానికంటే ఎక్కువ నేర్చుకుంటావు.

కాలేజీలో ఏ పైపులో ఎంత నీరు పారుతుందో హార్డీ క్రాస్ పద్ధతిలో లెక్కలు కట్టి ఉంటావు. ఆ లెక్కల్లో పైపులు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. మన ఊళ్లలో అలా కాదు. కాసేపు వదులుతారు, ఆపేస్తారు, మళ్లీ మర్నాడో ఆ మర్నాడో. ఆపాక పైపు ఖాళీ అయి లోపల ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. మళ్లీ వాల్వ్ తిప్పగానే మొదటి బిందెలోకి వచ్చేది అదే. అందుకే ఇళ్లలో ఆడవాళ్లు మొదట వచ్చిన నీళ్లు గిన్నెలకో చెట్లకో పోసేసి, తర్వాతే తాగడానికి పట్టుకుంటారు. వాళ్లకు ఇది ఎవరూ నేర్పలేదు, ఏళ్ల తరబడి చూసి తెలుసుకున్నారు. దీనికితోడు ఎవరో ఒకరు కొళాయికి నేరుగా మోటరు బిగించుకుంటారు. బొండంలో స్ట్రా పెట్టి పీల్చినట్టు అది పక్కింటి నీళ్లతో పాటు కాలువలో మురుగును కూడా లాగుతుంది. మోటరు పెట్టుకోవద్దని ఎందుకు అంటామో జనానికి చెప్పేటప్పుడు, పక్కింటివాళ్లకు అన్యాయం అని చెబితే వినరు. నీ బిడ్డ తాగే నీళ్లలోకి మురుగు వస్తుంది అని చెప్పు, వింటారు.

ఆ ఆడవాళ్లతో మాట్లాడు. ఎన్ని గంటలకు వస్తాయి, ఎంతసేపు వస్తాయి, వాసన ఉందా, ఏ నెలలో రంగు మారుతుంది, మిద్దె మీదికి ఎక్కుతాయా. ఒక అంతస్తు ఇళ్లున్న చోట లైను చివర 7 మీటర్ల హెడ్, అంటే నీరు అంత ఎత్తుకు ఎక్కగల ఒత్తిడి, రెండంతస్తులైతే 12 మీటర్లు ఉండాలని కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ సంస్థ సీపీహెచ్ఈఈఓ 1999 నాటి మాన్యువల్ చెప్పింది. గేజీ పెట్టి కొలువు. పది మీటర్ల హెడ్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి. ఒకే ట్యాంకు కింద ట్యాంకు పక్క వీధికి ఎంత, చివరి వీధికి ఎంత అన్నది రాసి పెట్టుకుంటే, ఏ వాల్వ్ ఎంత తిప్పితే ఇద్దరికీ సమంగా అందుతాయో నీకే తెలుస్తుంది. పేదవాళ్ల ఇళ్లు తరచూ లైను చివరనే ఉంటాయి. ఈ పని మీద నాకున్న ప్రేమకు సగం కారణం ఇదే.

వాల్వ్‌మన్ల దగ్గర పని నేర్చుకో. ఏ పైపు ఎక్కడుందో వాళ్లకు తెలిసినంతగా మ్యాపులకు తెలియదు. పొడుగాటి ఇనుప కడ్డీ గుంతలోకి దించి తిప్పుతుంటారు చూడు, ఆ కడ్డీ బిగువును బట్టి వాల్వ్ పూర్తిగా మూసుకుందా, లోపల ఏమైనా అడ్డుపడిందా అని చెప్పేస్తారు. ఏ వాల్వ్ ఎన్ని చుట్లు తిరుగుతుందో, ఏది ఎడమకు తెరుచుకుంటుందో, ఏది సగంలో ఆగిపోతుందో అన్నీ వాళ్ల నోటి మీదే ఉంటాయి. నువ్వు కూడా ఆ కడ్డీ పట్టుకుని తిప్పు. గబగబా మూసేస్తే నీటి దెబ్బకు పైపు ఎలా అదురుతుందో, నిదానంగా ఎందుకు మూయాలో అప్పుడే చేతికి తెలుస్తుంది. వయసులో పెద్దవాళ్లను అన్నా అని పిలువు. టీ తాగేటప్పుడు వాళ్లతోనే కూర్చో. వాళ్లు చెప్పింది పై అధికారులకు నీ మాటగా చెప్పకు, ఫలానా అన్న చెప్పాడు అని పేరుతో చెప్పు. అప్పుడు నిన్ను నమ్మి ఇంకా చెబుతారు.

చెప్పిందంతా నోటుబుక్కులో బొమ్మ గీసి రాసుకో. వాల్వ్ ఎక్కడుందో రాసేటప్పుడు కనీసం రెండు గుర్తుల నుంచి దూరం టేపుతో కొలిచి రాయి. గుడి గోడ నుంచి ఇన్ని మీటర్లు, కరెంటు స్తంభం నుంచి ఇన్ని మీటర్లు అని. ఒక్క గుర్తే పెట్టుకుంటే రేపు ఆ స్తంభం మార్చేస్తారు. రోడ్డు వేసేవాళ్లు వాల్వ్ గుంతల మీద సిమెంటు పోసేసి పోతుంటారు, తర్వాత లైను పగిలినప్పుడు నీళ్లు ఆపడానికి వాల్వే దొరకదు. ఆ అన్న రిటైర్ అయ్యేలోపు ఆ లెక్కంతా కాగితం మీదికి రావాలి.

బ్లీచింగ్ పౌడరు లెక్క చాలామంది అలవాటు చొప్పున వేస్తారు, నువ్వు మాత్రం ప్రతిసారీ లెక్క కట్టు. లక్ష లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే మొత్తం 200 గ్రాములు. పౌడరులో 25 శాతం క్లోరిన్ ఉంటే 800 గ్రాములు వేయాలి. సంచి నోరు తెరిచి తడి గదిలో పడేస్తే బలం పడిపోతుంది. అది 15 శాతానికి దిగితే అదే 800 గ్రాముల్లో ఉండేది 120 గ్రాములే. మనిషి తన పని తాను చేశాననే అనుకుంటాడు, నీళ్లలో మాత్రం క్లోరిన్ చాలదు. స్టాకు వచ్చినప్పుడల్లా శాంపిల్ ల్యాబులో చూపించమని అడుగు. వేసిన తర్వాత అరగంట సమయం ఇవ్వకుండా నీళ్లు వదలకూడదు.

వానలు మొదలై తుంగభద్ర ఎర్రబడినప్పుడు ల్యాబులో ఉండు. జార్ టెస్టు నీ చేత్తోనే చెయ్యి. వరసగా బీకర్లలో పటిక మోతాదు పెంచుకుంటూ పోసి, వేగంగా ఒక నిమిషం, తర్వాత నిదానంగా తిప్పి, అరగంట తేరనిస్తే ఏ మోతాదు దగ్గర నీళ్లు తేటపడ్డాయో కంటికే కనిపిస్తుంది. పటిక ఎక్కువైతే పీహెచ్ పడిపోతుంది, అది కూడా చూసుకో. నిన్న సరిపోయిన మోతాదు వరద రోజున సరిపోదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగిన సంగతి నీకు చిన్నతనంలో విని గుర్తుండాలి. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. ఆ రోజుల్లో పనిచేసినవాళ్లు ఇంకా అక్కడ ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని అడుగు. పంపుల్ని ఏ వరసలో మళ్లీ నడిపించారు, బురద చేరిన సంపుల్ని ఎలా కడిగారు, ట్యాంకర్లలో క్లోరిన్ ఎవరు చూసుకున్నారు. ఎండాకాలంలో ఇంకో రకం టెన్షన్. సుంకేసుల బ్యారేజీ సామర్థ్యం 1.2 టీఎంసీలే. పైనుంచి రావడం తగ్గితే, సమ్మర్ స్టోరేజీలో ఎన్ని రోజులకు సరిపడా ఉందో ప్రతి రోజూ లెక్కేసుకోవాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో సెలవు పెట్టకు.

లీకేజీని చిన్న పని అనుకోవద్దు. మన కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. దోషాల్లో గట్టు నుంచి నీరు కారడం ఒకటి. అంగాల్లో నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఒకటి. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. సెలవులకు వచ్చినప్పుడు తీసుకెళ్తాను.

మధ్యలో వీలు చూసుకుని, అనుమతి తీసుకుని అనంతపురం జిల్లాలో పల్లెల పథకాలు కూడా చూసి రా. అక్కడ చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. అది రంగు, రుచి ఏదీ మార్చదు, మరిగించినా పోదు. 1990ల మధ్యలో వచ్చిన సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్లకు వేరే నీళ్లు అందించింది ఇందుకే. అలాంటి పథకంలో నాలుగు రోజులు పంపు ఆగితే జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు. ఇంజనీరు రిపోర్టులో అది "సరఫరాకు అంతరాయం" అని ఒక్క లైనుగా ఉంటుంది. పళ్లు గారపట్టిన పిల్లల్ని, నడుము వంగిన పెద్దల్ని ఒకసారి చూస్తే ఆ లైను నువ్వు తేలిగ్గా రాయలేవు.

ఆఫీసు పనికి కూడా టైము ఇవ్వు. ఎం-బుక్ (చేసిన పని కొలతల పుస్తకం) రాయడం, ఎస్టిమేటు వేయడం, ఫిర్యాదుల రిజిస్టరు. ఆ ఫిర్యాదుల్ని నెలకోసారి మ్యాపు మీద చుక్కలుగా పెట్టి చూడు, ఎక్కడ పైపు మార్చాలో తెలుస్తుంది. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని అప్రెంటిస్ చట్టం చెప్పదు, అది ముందే తెలుసుకుని ఉండు. సాయంత్రాలు ఏఈ పరీక్షకు చదువుకో. మీ నాన్నకు ఈ మాట నేనే చెబుతాను, నువ్వు బెంగపెట్టుకోకు.

ఇంకొకటి, దీన్ని మాత్రం మర్చిపోవద్దు. తెల్లవారుజామున నీళ్లొదిలే టైముకి వెళ్లాల్సి వస్తే ఆఫీసు బండి అడుగు, మొహమాటపడకు. క్లోరిన్ గ్యాసు గాలికంటే రెండున్నర రెట్లు బరువు, కిందికే దిగుతుంది. వాసన తగిలితే గాలికి ఎదురుగా, ఎత్తుకు వెళ్లు. కారుతున్న సిలిండరు మీద నీళ్లు పోయనివ్వకు, ఇంకా ఎక్కువ కారుతుంది. సంపులోకి గానీ వాల్వ్ ఛాంబరులోకి గానీ ఒక్కదానివే దిగకు, ఇంకెవరినీ ఒంటరిగా దిగనివ్వకు. లోపల ఎవరైనా పడిపోతే వెంటనే వెనకాలే దిగాలనిపిస్తుంది. దిగకు, చాలాచోట్ల రెండో ప్రాణం పోయింది అలాగే. గాలి ఆడేలా చేసి, తాడు, మనుషులు ఉన్నాకే. క్లోరిన్ గదికి మాస్కులు ఎక్కడున్నాయి, పనిచేస్తున్నాయా, ఆ గది తాళం రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి ఈ వారంలోనే మీ ఏఈ గారిని అడిగి తెలుసుకో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న