చదువుతుండగానే లోన్ వడ్డీ కట్టాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. విశాఖలో బీటెక్ మూడో సంవత్సరంలో చేరాను. ఏటా లక్ష చొప్పున నాలుగు లక్షల ఎడ్యుకేషన్ లోన్, వడ్డీ 10 శాతం. ఇప్పటికి మూడు లక్షలు తీసుకున్నాం. సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబితే నెలకు 4,000 వస్తోంది, అందులో 2,500 మిగులుతోంది. రోజూ పడుకునే ముందు ఖర్చులు చిన్న పుస్తకంలో రాస్తాను. బీచ్‌కి వెళ్లిన రోజు ముంత మసాలా, టీ రాస్తుంటే ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. కిందటి నెల అవి 180 అయ్యాయి. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత పెట్టే సిప్ మొదలుపెట్టనా? రూమ్మేట్ ఆప్షన్స్ ట్రేడింగ్ (షేర్ల ధర పెరుగుతుందో తగ్గుతుందో ఊహించి ఆడే బేరం) నేర్పిస్తానంటోంది.

జవాబు: ముందు ఆ 180 సంగతి. దానికి కూడా బాధపడితే ఇంకో రెండు నెలల్లో పుస్తకం రాయడమే మానేస్తారు. తెరిచిన ప్రతిసారీ తిడుతున్నట్టుంటే ఎవరు మాత్రం రాస్తారు? బీచ్‌కి వెళ్లండి, వచ్చాక రాసుకోండి.

అందులో రాయని ఖర్చు ఒకటుంది. మూడు లక్షల మీద పది శాతమంటే నెలకు 2,500. సరిగ్గా మీకు మిగులుతున్నంత. చదువయ్యాక ఏడాది దాకా బ్యాంకు ఈఎంఐ అడగదు కాబట్టి వడ్డీ కూడా పడదని చాలా ఇళ్లలో అనుకుంటారు. పడుతుంది. మొదటి ఏడాది 10,000, తర్వాత 20,000, 30,000, 40,000, చదువయ్యాక ఇంకో 40,000. ఏమీ కట్టకపోతే ఈ 1,40,000 అసలులో కలిసి, ఈఎంఐ 5,40,000 మీద మొదలవుతుంది.

అలాగని రేపే వెళ్లి కట్టేయకండి. మీ ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపైతే, కేంద్ర వడ్డీ రాయితీ పథకం కింద చదువు కాలానికీ, ఆ తర్వాతి ఏడాదికీ వడ్డీని ప్రభుత్వమే భరిస్తుంది. లోన్ తనఖా లేకుండా తీసుకున్నదై ఉండాలి, కాలేజీకి గుర్తింపు ఉండాలి. ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని, నాన్నగారిని వెంటబెట్టుకుని బ్రాంచికి వెళ్లండి. మన ఖాతాకు రాయితీ క్లెయిమ్ పెట్టారా లేదా అని సూటిగా అడగండి. అడగనిదే చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

రాయితీ రాదంటే, మొదటి రెండు నెలలు మిగిలిన 5,000 సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. పరీక్ష ఫీజులకు, అర్జెంటుగా ఊరెళ్లడానికి ఉంటుంది. మూడో నెల నుంచి 2,500 లోన్ ఖాతాలో కట్టండి. వడ్డీ కింద జమైందో లేదో స్టేట్‌మెంట్‌లో చూసుకోండి. సిప్ ఉద్యోగం వచ్చాక. పది శాతం వడ్డీ తప్పడం ఖాయమైన లాభం, రెండేళ్లలో ఫండ్ అంత ఇస్తుందని నేనైతే రాసివ్వలేను.

ఇక ఆప్షన్స్. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఆప్షన్స్, అలాంటివే అయిన ఫ్యూచర్స్ ఆడిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ లెక్క తేల్చింది. మీ రూమ్మేట్ మిగతా ఏడుగురిలో ఉంటే సంతోషమే. నేర్పించే ముందు తన లాభనష్టాలు కూడా మీలాగే ఓ పుస్తకంలో రాసి చూపించమనండి.

బ్యాంకువాళ్లు రాయితీ ఉందంటే మళ్లీ రాయండి. ఆ 2,500 ఎక్కడ పెట్టాలో అప్పుడు చూద్దాం.