ఆ నాలుగు వందల పీడీఎఫ్‌లు జిరాక్స్ తీయించే ముందు

బిడ్డా,

నువ్వు పంపిన ఫోల్డర్ రాత్రి తెరిచి చూశాను. నాలుగు వందల పైచిలుకు వర్క్‌షీట్లు, లెక్కలు, ఇంగ్లీషు, తెలుగు, పరిసరాల విజ్ఞానం, రంగులు వేసే బొమ్మలు, ఫ్లాష్ కార్డులు, అన్నీ ఉన్నాయి. టీచర్ ఉద్యోగం వచ్చి నెల కాకముందే ఇంత పోగు చేశావంటే నాకెంత సంతోషమో చెప్పలేను. చెల్లె ఫోన్‌లో చెప్పింది, శనివారం దేవరకొండ పోయి అన్నీ జిరాక్స్ తీయిస్తావట, జీతంలో రెండు వేలు పక్కన పెట్టావట. ఆ రెండు వేలు ఒక్క వారం ఆపు. ముందు ఈ ఉత్తరం చదువు.

నేను టీచరుగా చేరిన కొత్తలో జరిగింది చెప్తాను. అప్పట్లో ఇంటర్నెట్ లేదు, హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న ఒక ఇంగ్లీషు యాక్టివిటీ పుస్తకం నా దగ్గర ఉండేది. అందులో ఒక పేజీ చాలా బాగుందని నాలుగో తరగతికి జిరాక్స్ తీయించి ఇచ్చాను. మంచుతో చేసిన మనిషి బొమ్మ, కింద ప్రశ్న, ఇది ఏ కాలంలో కనపడుతుంది అని. ఒక పిల్లవాడు రాశాడు, పత్తి ఏరే కాలం అని. నేను ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టి పక్కన విం‌టర్ అని రాశాను. సాయంత్రం కాయితాలు సర్దుతుంటే మళ్లీ కంటపడింది. వాడు ఆ బొమ్మలో చూసింది కుప్ప మీద కుప్ప పోసిన పత్తిని. మన దగ్గర పత్తి ఏరేది ఎప్పుడు? దసరా దాటినంక, చలి మొదలయ్యే రోజుల్లోనే కదా. ఎన్నడూ చూడని బొమ్మ ఇస్తే తనకు తెలిసిన దాంతో కొలుచుకుని సరైన కాలమే రాశాడు ఆ పిల్లవాడు, నేను తప్పు అన్నాను. తెల్లారి పిలిచి దిద్దాను గానీ ఆ ఇంటూ గుర్తు నాకు ఇప్పటికీ బాధే.

అందుకే మొదటి మాట ఇది. ఏ షీటైనా సరే పిల్లల ముందు పెట్టే ముందు రాత్రి ఇంట్లో నువ్వే పెన్ను పట్టుకుని పూర్తిగా చెయ్యి. కళ్లతో చూస్తే చాలదు, చెయ్యాలి. పది నిమిషాల పని. అప్పుడు ఎక్కడ పిల్లవాడు ఆగుతాడో, ఏ ప్రశ్న అర్థం కాదో, ఏ జవాబు తప్పుగా ప్రింటయిందో నీకే తెలుస్తుంది. నువ్వు పంపిన వాటిలో నేను ఒక ముప్పై చేసి చూశాను. లెక్కల షీట్లలో లక్షను 100,000 అని కామా పెట్టి, పక్కన హండ్రెడ్ థౌజండ్ అని ఉంది. మన పుస్తకంలో 1,00,000. ఇది ఇవ్వాళ ఇచ్చి రేపు పుస్తకం తెరిపిస్తే పిల్లలు ఏది నమ్మాలి? డబ్బుల లెక్కలో డాలర్లు, సెంట్లు. రుతువుల షీటులో ఆకులు రాలే కాలం, మంచు కురిసే కాలం ఉన్నాయి, వానకాలం లేనే లేదు. గ్రహాలు తొమ్మిది అని ఇంకా ఒకదాంట్లో ఉంది, ప్లూటోను 2006లోనే ఆ లెక్కలోంచి తీశారు. తెలంగాణ మ్యాపు షీటు మరీ పాతది, పది జిల్లాలే ఉన్నాయి. 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. మన పాత నల్లగొండే మూడు జిల్లాలైంది, పాలమూరు ఐదైంది. వనపర్తిలో మేనమామ ఉన్న పిల్ల మ్యాపులో వనపర్తి జిల్లా ఎక్కడుందని అడిగితే ఏం చూపిస్తావు?

ఇవన్నీ పారెయ్యమని కాదు. మార్చుకో. డాలర్ తీసి రూపాయి పెట్టు, ఆపిల్ తీసి బత్తాయి పెట్టు, రైలు టైం టేబుల్ బదులు మీ తండాకొచ్చే ఆర్టీసీ బస్సు టైములు పెట్టు. షీటు తయారు చేసిన వాళ్లు మంచి ఆలోచనే ఇచ్చారు, మీ ఊరిని అందులోకి తెచ్చే పని మాత్రం నీదే.

మీ బడి విషయానికి వస్తే, ఇరవై ఆరు మంది పిల్లలు, ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు. అందరిదీ ఇంట్లో లంబాడీ మాట. ఈ ఒక్క సంగతి మరిచిపోతే ఎంత అందమైన ఫ్లాష్ కార్డు అయినా పనికిరాదు. రొట్టె బొమ్మ చూపించి ఇది ఏంటి అంటే ఒకటో తరగతి పిల్ల నోరు విప్పదు, ఎందుకంటే ఇంట్లో అది బాటి. తెలియక కాదు, ఆ మాట బడిలో అనొచ్చో లేదో అని భయం. ముందు వాళ్ల మాటే చెప్పనియ్యి, దాన్ని తెలుగు లిపిలో బోర్డు మీద రాయి, పక్కన తెలుగు మాట, ఆ పక్కన ఇంగ్లీషు మాట. కార్డు వెనక కూడా మూడూ రాసుకో. నీకు రాకపోతే వంట చేసే ఆమెను అడుగు, ఆమెకంటే మంచి రిసోర్స్ పర్సన్ ఆ తండాలో నీకు దొరకదు.

కథలకు స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూశావా? ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టారు. తెలుగు కథలు బోలెడు ఉన్నాయి, ఒకటి నుంచి నాలుగు దాకా లెవెల్స్ పెట్టారు, పైసా కట్టకుండా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, మనమే అనువాదం చేసి పెట్టొచ్చు కూడా. కథ రాసినవాళ్ల పేరు, బొమ్మ వేసినవాళ్ల పేరు మాత్రం కత్తిరించకు. మన పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌లు కూడా ఒకసారి స్కాన్ చేసి చూడు, ప్రభుత్వం వాళ్ల దీక్షా యాప్‌లో మన పాఠానికి సరిపోయేవి ఉంటాయి, చాలామంది అవి చూడకుండానే బయట వెతుకుతారు. డబ్బుకు అమ్మే షీట్లను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేవాళ్లున్నారు, అందులో మాత్రం చేరకు.

లెక్కలకు వస్తే కొంచెం గట్టిగా చెప్తాను. చేతితో పట్టుకున్న తర్వాతే కాయితం. నీ ఫోల్డర్‌లో అప్పు తీసుకునే తీసివేతలు ఒక్కో షీటుకు ముప్పై ఉన్నాయి. 43లోంచి 27 తియ్యాలంటే పిల్లకు ముందు పుల్లలు ఇవ్వు. పదేసి పుల్లలకు రబ్బరు వేసిన కట్టలు నాలుగు, విడిగా మూడు. ఏడు ఇవ్వమను. మూడే ఉన్నాయి కదా మేడం అంటుంది. అప్పుడు నువ్వు మాట్లాడకు. ఇక్కడే మనం తొందరపడి చెప్పేస్తాం, చెప్పకు, చూస్తూ ఉండు. కాసేపటికి ఏదో ఒక పిల్ల కట్ట రబ్బరు తీస్తుంది. ఇప్పుడు కట్టలు మూడు, పుల్లలు పదమూడు. ఏడు ఇచ్చింది, ఆరు మిగిలాయి. రెండు కట్టలు ఇచ్చింది, ఒకటి మిగిలింది. పదహారు. ఆ రబ్బరు తీసిన చెయ్యికి అప్పు అంటే ఏంటో ఇక మనం చెప్పక్కర్లేదు. ఆ తర్వాత షీటులో ఆరు లెక్కలు చాలు, ముప్పై వద్దు. భిన్నాలకు బత్తాయి తొనలు వాడాలని నీకు అనిపిస్తుంది, నల్లగొండ వాళ్లం కాబట్టి నాకూ అనిపించింది, కానీ తొనలు అన్నీ ఒకే సైజులో ఉండవు, సమాన భాగాలు అన్న మాటే అక్కడ చెడిపోతుంది. జొన్నరొట్టె మడత పెట్టి తుంచడం మేలు. లేదా గుండ్రంగా కత్తిరించిన కాయితం.

సైన్సులో మాత్రం నల్లగొండ జిల్లాలో ఉండి నీళ్ల పాఠాన్ని ఎక్కడో చేసిన షీటుతో ముగిస్తే నేను ఊరుకోను. మన బావుల్లో ఫ్లోరైడ్ ఉందని ఎన్నో ఏళ్ల కిందటే బయటపడింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. ఎముకలు వంగిపోయిన మనుషుల్ని నేను మర్రిగూడ వైపు నా కళ్లతో చూశాను. నాగపూర్‌లోని నీరి సంస్థ సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టింది, వేరే దేశాల్లో కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. ఇది మీ నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు తెలియాలి. యాక్టివిటీ సులువు. రెండు ఖాళీ సీసాల్లో చెరువు నీళ్లు, ఒకదాంట్లో పటిక ముక్క తిప్పి తీసెయ్యి, రెండోదాన్ని అలాగే వదిలెయ్యి. ప్రతి పది నిమిషాలకు ఒకసారి పిల్లలు బొమ్మ గీయాలి. పటిక వేసిన సీసాలో మట్టి పత్తి పింజల్లాగా ముద్దకట్టి కిందికి దిగడం కనపడుతుంది. దానికి కావలసిన షీటు ఒకటే, రెండేసి సీసాల బొమ్మలు నాలుగు వరసలు, పక్కన టైము రాసే గడి. చేత్తో గీసి జిరాక్స్ తీయించు. ఆ నీళ్లు ఎవరూ తాగొద్దని, బ్లీచింగ్ పౌడర్ పిల్లల చేతికి ఇవ్వొద్దని వేరే చెప్పాలా. తేటగా కనపడినంత మాత్రాన ఫ్లోరైడ్ పోయినట్టు కాదు, అది కంటికి కనపడదు అన్న మాట కూడా అక్కడే చెప్పు, అసలు పాఠం అదే.

ఇంకొకటి గుర్తొచ్చింది. పానగల్ ఛాయా సోమేశ్వరాలయం, గర్భగుడిలో రోజంతా కదలకుండా ఉండే నీడ. నీడల పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని ఒకసారి తీసుకుపోగలిగితే తీసుకుపో. లేకపోతే చీకటి గదిలో ఒక పెన్సిల్, రెండు సెల్‌ఫోన్ లైట్లు చాలు, నీడలు రెండెలా అయ్యాయో, కలిసిన చోట ఎందుకు నల్లబడిందో వాళ్లే చెప్తారు. మీ ఫ్రెండు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తుందన్నావు కదా, ఆ అమ్మాయికి ఫెట్ సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్లో చేసి చూసే ప్రయోగాలు, చూడమను, అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లవి, తెలుగులో కూడా కొన్ని ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి.

ఇక ఖర్చు సంగతి. ఇరవై ఆరు మందికి ఇరవై ఆరు కాపీలు వద్దు. అట్టలాంటి కాయితం మీద ఎనిమిది కాపీలు తీయించి, స్టేషనరీ షాపులో దొరికే ప్లాస్టిక్ ఫైల్ కవర్లలో పెట్టు. పైన బోర్డు మార్కరుతో రాసి, బట్టతో తుడిచి, మళ్లీ రాయొచ్చు. ఏడాదంతా వస్తాయి. నల్లగా నిండిన బొమ్మలున్న షీట్లు తీయించకు, జిరాక్స్‌లో మసిపూసినట్టు వస్తాయి, గీతల బొమ్మలే మంచివి. అమెరికా షీట్లు లెటర్ సైజులో ఉంటాయి, మన ఏ4 మీద తీసేటప్పుడు ఫిట్ టు పేజ్ పెట్టమని షాపతనికి చెప్పు, లేకపోతే అంచున ఉన్న ప్రశ్న తెగిపోతుంది. తెలుగు షీట్లు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్స్‌లో చేసినవైతే వేరే కంప్యూటర్లో పిచ్చి గీతలు వస్తాయి, పంపేవాళ్లనే పీడీఎఫ్ చేసి పంపమను. కవర్లకు స్కూల్ గ్రాంటులో వీలుంటుందేమో హెచ్ఎం గారిని అడుగు, బిల్లు మాత్రం జాగ్రత్త పెట్టు.

ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు అన్నప్పుడు షీటు అసలు దేనికి పనికొస్తుందో తెలుసా? నీ టైముకు. చిన్న తరగతుల పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు రావాలని మన ప్రభుత్వం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం 2022లో వచ్చినప్పటి నుంచి పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వాళ్లకు వచ్చినదాన్ని బట్టి చూడమంటున్నారు, అది మంచి మాట. చదవగలిగే ఎనిమిది మందికి షీటు ఇచ్చి కూర్చోబెట్టు, ఆ ఇరవై నిమిషాలు అక్షరాలు కూడా రాని నలుగురి పక్కన నువ్వు కింద చాప మీద కూర్చో. షీటు లేకపోతే ఆ ఇరవై నిమిషాలు నీకు దొరకవు. అందరికీ ఒకటే షీటు పంచి నువ్వు టేబుల్ దగ్గర రిజిస్టర్లు రాసుకుంటే మాత్రం, రాని పిల్ల పక్కపిల్లది చూసి ఎక్కిస్తుంది, షీటు నిండుతుంది, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు, ఆ పిల్ల ఐదో తరగతికి కూడా అట్లాగే పోతుంది. అట్లా పోయిన పిల్లల్ని నేను చూశాను, అందుకే ఇంత చెప్తున్నాను.

తప్పుల మీద ఇంటూలు పెట్టకు. తప్పు చేసిన చోట పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి, ఇది ఎట్లా చేశావు బిడ్డా అని అడుగు. నెలకు ఒక్కో పిల్లది ఒక్కో కాయితం పేరు, తేదీ రాసి ఒక ఫైలులో దాచు.

నాలుగు వందల్లోంచి ఈ నెలకు పదిహేను ఏరుకో, ఎక్కువ వద్దు. బతుకమ్మ సెలవులకు నువ్వు వచ్చేటప్పుడు అవి పట్టుకురా, ఇద్దరం కూర్చుని మారుద్దాం. ఈలోపు మీ బడి పిల్లలతో తంగేడు, గునుగు వరసల లెక్క ఒకటి చేయించు, అడుగు వరసలో ఎన్ని పూలు, పైవరసలో ఎన్ని తగ్గాయి అని, ఆ షీటు ఎక్కడా దొరకదు, మనమే చెయ్యాలి. చింతగింజలు ఒక డబ్బా నిండా కడిగి ఎండబెట్టి ఉంచాను, అవీ పుల్లల కట్టలూ మీ నాన్న వచ్చినప్పుడు పంపిస్తాను.

నీ పెద్దమ్మ,
నల్లగొండ