నైట్రోజన్ ప్లాంటు చేతికొచ్చిన బిడ్డకు

చిరంజీవి సౌజన్యకు పెద్దనాయన దీవెనలు.

పోలేపల్లి యూనిట్‌లో నైట్రోజన్ ప్లాంటు నీకు అప్పజెప్పిన్రని మీ నాయన చెప్పిండు. సంతోషం. రియాక్టర్లలో సాల్వెంట్ మీదికి గాలి చేరకుండ కప్పే బ్లాంకెటింగ్‌కు, సెంట్రిఫ్యూజ్‌లకు పోయే గ్యాస్ అది. దాని ప్యూరిటీ తప్పితే సాల్వెంట్ ఆవిరికి ఆక్సిజన్ అందుతది, ఆ తర్వాత ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే కొంచెం పొడుగైనా వివరంగా రాస్తున్న.

ముందుగాల టవర్ లోపల జరిగేది తెలుసుకో. గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతానికి కొంచెం తక్కువ ఆక్సిజన్, ఒక శాతానికి కొంచెం తక్కువ ఆర్గాన్. నీ రెండు టవర్లలో ఉన్న నల్లటి సన్న గుళికలు కార్బన్ మాలిక్యులర్ సీవ్, అందరూ సీఎంఎస్ అంటరు. ఆక్సిజన్ అణువు సైజు 3.46 ఆంగ్‌స్ట్రామ్, నైట్రోజన్‌ది 3.64. గుళికల రంధ్రాలలోకి ఆక్సిజన్ జల్ది దూరుతది, నైట్రోజన్ ఆలస్యంగ దూరుతది. ఆ కొంచెం తేడా మీదనే ప్లాంటంత నిలబడ్డది. టైము ఎక్కువిస్తే నైట్రోజన్ కూడ దూరిపోతది, ఆక్సిజన్ నిండిపోయి ముందుకు జారుతది. అందుకే సుమారు నిమిషానికోసారి టవర్ మారుతది. ఒకటి 6, 7 బార్ మీద పని చేస్తుంటే రెండోది ప్రెషర్ దించుకొని, పట్టుకున్న ఆక్సిజన్‌ను సైలెన్సర్ గుండ బయటికి వదులుతది. ఆర్గాన్ నైట్రోజన్‌తోనే వచ్చేస్తది, దాన్ని సీఎంఎస్ విడదీయలేదు. అనలైజర్ కొలిచేది ఆక్సిజన్ ఒక్కదాన్నే. 99.9 అంటే 1000 పీపీఎం (పది లక్షలలో వెయ్యి వంతులు) ఆక్సిజన్, 99.99 అంటే 100 పీపీఎం అని మనసులో పెట్టుకో.

ఇక అసలు మాట. మంచిగ నింపిన సీఎంఎస్ ఏండ్లకు ఏండ్లు పని చేస్తది. దాన్ని చంపేవి నూనె, నీళ్లు, దుమ్ము. ఈ మూడూ కంప్రెసర్ దిక్కు నుంచే వస్తయి. కాబట్టి నీ టైములో ఎక్కువ భాగం టవర్ల ముందర కాదు, టవర్ల కంటె ముందున్న సామాన్ల దగ్గర గడవాలె. నూనె గుళికల రంధ్రాల మీద పొరలాగ కూసుంటది, ఏ ప్రెషర్ దించినా అది పోదు. నూనె తాగిన సీఎంఎస్‌ను బాగుచేసే మార్గం సైట్‌లో లేదు, మార్చుడే.

నీళ్ల సంగతి మన పాలమూరు వాతావరణానికి లెక్కగట్టి చెప్తా. వానకాలంలో 28 డిగ్రీలు, 85 శాతం తేమ అనుకో. ఒక క్యూబిక్ మీటర్ గాలిలో 23 గ్రాముల నీటి ఆవిరి ఉంటది. కంప్రెసర్ దాన్ని 7 బార్‌కు తెచ్చి, ఆఫ్టర్ కూలర్ 40 డిగ్రీలకు చల్లబరిస్తే, అందులో సుమారు 16 గ్రాములు రిసీవర్‌లోనే (గాలి నిలిచే ట్యాంకు) నీళ్లయి పడిపోతయి. గంటకు 600 క్యూబిక్ మీటర్ల గాలి పీల్చే కంప్రెసర్ అయితే గంటకు 10 లీటర్ల దాకా డ్రెయిన్ కావాలె. మిగిలిన 6, 7 గ్రాములు గాలిని ఆరబెట్టే డ్రయర్ మీద పడ్తయి. ఎండకాలం చూడు: 44 డిగ్రీలు, 20 శాతం తేమ. గాలిలో ఆవిరి 12 గ్రాములే. కాని ఆఫ్టర్ కూలర్ కూడ వేడిగాలితోనే చల్లార్చాలె గద, బయటికి 55 డిగ్రీల మీద వదుల్తది. ఆ వేడి గాలి ఆవిరిని మొత్తం మోసుకొనిపోతది, రిసీవర్‌లో చుక్క పడదు. 12 గ్రాములకు 12 గ్రాములు డ్రయర్ మీదికే వస్తయి. అంటే డ్రెయిన్‌లో నీళ్లు రావట్లేదని ఆపరేటర్ నిమ్మళంగ ఉన్న ఏప్రిల్, మే నెలల్లోనే డ్రయర్ మీద రెండింతల బరువు. పైగా దాని కండెన్సర్ కూడ అదే వేడిలో ఉంటది. కాబట్టి ఆ రెండు నెలలు డ్రయర్ ఇన్‌లెట్ టెంపరేచర్‌ను షిఫ్ట్‌కు రెండుసార్లు రాయించు. డ్రయర్‌ను ఏ ఇన్‌లెట్ టెంపరేచర్‌కు లెక్కగట్టి ఇచ్చిన్రో నేమ్‌ప్లేట్ మీద ఉంటది. దానికి మించితే డ్రయర్ పెద్దదైనా సరిపోదు. ఆఫ్టర్ కూలర్ రెక్కలు పది రోజులకోసారి లోపలి నుంచి బయటికి గాలి కొట్టి దుమ్ము దులిపించు. కంప్రెసర్ వేడి గాలి డక్ట్ గుండ రూము బయటికే పోతుందా, తిరిగి సక్షన్‌లోకి వస్తుందా చూసుకో.

రిఫ్రిజిరేటెడ్ డ్రయర్ 3 డిగ్రీల డ్యూ పాయింట్ (ఆవిరి నీళ్లుగ మారుడు మొదలయ్యే టెంపరేచర్) ఇస్తది. సీఎంఎస్‌కు అది సరిపోతది, ఎందుకంటే ఆ కొంచెం ఆవిరిని టవర్ అడుగున వేసిన యాక్టివేటెడ్ అల్యూమినా పొర పట్టుకొని, ప్రెషర్ దిగినప్పుడు వదిలేస్తది. ఆ పొరకు తట్టుకునే శక్తి ఆవిరి వరకే. నీళ్లు నీళ్లుగా వచ్చిపడితే అల్యూమినా నానుతది, ఆ పైన సీఎంఎస్ నానుతది.

నీళ్లు నీళ్లుగా ఎప్పుడు వస్తయో కూడ చెప్తా. కరెంటు పోయి జనరేటర్ ఎక్కినప్పుడు కంప్రెసర్ వెంటనే లేస్తది. డ్రయర్‌ను చల్లబరిచే గ్యాస్ కంప్రెసర్ మాత్రం కొన్ని నిమిషాలు ఆగి గాని లేవదు, దాని రక్షణకు అట్ల పెడ్తరు. ఆ మధ్యలో తడిగాలి సీదా టవర్లలోకి పోతది. దినానికి రెండు మూడుసార్లు కరెంటు పోయే కాలంలో ఇది బెడ్‌ను తినేస్తది. డ్యూ పాయింట్ దిగిన తర్వాతే టవర్ల ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకునేటట్టు ఇంటర్‌లాక్ పెట్టించు. అది అయ్యేదాక ఆపరేటర్ చేత్తోనే వాల్వ్ మూసి, డ్రయర్ పదిహేను నిమిషాలు నడిచినంక తెరవాలె. ఆటో డ్రెయిన్‌లను నమ్మి వదిలిపెట్టొద్దు. ప్రతి షిఫ్ట్ టెస్ట్ బటన్ నొక్కి నీళ్లు చిమ్ముతున్నయా చూడాలె. టైమర్ డ్రెయిన్ అయితే వానకాలానికి ఒక సెట్టింగు, ఎండకాలానికి ఇంకో సెట్టింగు ఉండాలె.

నూనెకు వరుసగ మూడు కాపలాలు ఉంటయి: 1 మైక్రాన్ ఫిల్టర్, 0.01 మైక్రాన్ కోలెసింగ్ ఫిల్టర్, ఆ తర్వాత యాక్టివేటెడ్ కార్బన్ టవర్. మొదటి రెండూ నూనె తుంపరను పట్టుకుంటయి, డీపీ (ఫిల్టర్‌కు ముందు వెనక ప్రెషర్ తేడా) గేజ్ ఎర్ర గీత దాటితే ఎలిమెంట్ మారుస్తం. దాటకపోయినా ఏడాదికోసారి మార్చు. తుంపర కాకుండ ఆవిరి రూపంలో ఉన్న నూనెను ఆ రెండూ ఆపలేవు. దాన్ని ఆపేది కార్బన్ ఒక్కటే. ఇక్కడ చానామంది పొరపాటు పడ్తరు: కార్బన్ నిండిపోయినా డీపీ పెరగదు. గేజ్ పచ్చగీత మీదనే ఉంటది, నూనె మాత్రం టవర్లలోకి నడిచిపోతుంటది. కార్బన్‌ను నడిచిన గంటలు లెక్కబెట్టే మార్చాలె. లోపలికి పోయే గాలి వేడి పెరిగితే ఆ గంటలు ఇంకా తగ్గించుకోవాలె. స్క్రూ కంప్రెసర్ డిశ్చార్జ్ 95 దాటి 100 దిక్కు పోతుంటే ట్రిప్ కాలేదని ఊకోవద్దు, నూనె ఆవిరి అప్పుడే ఎక్కువ పోతది.

కంప్రెసర్ సక్షన్ ఎక్కడుందో నడిచిపోయి చూడు. ఫార్మా ఆవరణలో స్క్రబ్బర్ వెంట్లు, ఈటీపీ (మురికినీళ్లు శుద్ధి చేసే చోటు), సాల్వెంట్ యార్డు, జనరేటర్ పొగ గొట్టం అన్నీ దగ్గరదగ్గరగ ఉంటయి. గాలి వాలును బట్టి వాటి ఆవిరులు సక్షన్‌లో పడితే కార్బన్ జల్ది నిండుతది. అట్లనే నీ ప్లాంటు సైలెన్సర్ నుంచి వచ్చే గాలిలో ఆక్సిజన్ మామూలు కంటె ఎక్కువ ఉంటది. దాన్ని రూము బయటికి, సాల్వెంట్ ఆవిరి వచ్చే తావుకు దూరంగ, పైకి వదలాలె.

ప్యూరిటీ పడిపోయిన రోజు ఏం చెయ్యాలె? సర్వీసు వాళ్లను పిలిస్తే మొదటి మాటే "సీఎంఎస్ పోయింది, మార్చాలె" అంటరు. లక్షల ఖర్చు. దానికి ఒప్పుకునే ముందు ఈ దారిలో పో.

మొదలు అనలైజర్‌ను అనుమానించు. శాతంలో చూపేదైతే బయటి గాలి పెడితే 20.9 చూపాలె. పీపీఎంలో చూపే గాల్వానిక్ సెల్‌ను మాత్రం గాలికి తెరవొద్దు, అది మళ్లా దిగడానికి చాన టైము తీసుకుంటది, సెల్ ఆయుష్షు కూడ తగ్గుతది. క్యాలిబ్రేషన్ సిలిండర్‌తోనే చూడు. శాంపిల్ పైపు నట్ వదులైనా బయటి గాలి లోపలికి కలిసి రీడింగ్ పెరుగుతది. తర్వాత ఫ్లో. ప్రొడక్షన్ వాళ్లు కొత్త రియాక్టర్ కలిపిన్రా, ఎక్కడన్న పర్జ్ వాల్వ్ తెరిచి మరిచిన్రా అడుగు. నేను చూసిన ప్యూరిటీ ఫిర్యాదులలో ఎక్కువ వాటికి కారణం గ్యాస్ మోతాదుకు మించి లాగుడే. ఫ్లో చూపే రోటామీటర్‌ను ఏ ప్రెషర్‌కు తయారుచేసిన్రో ఆ ప్రెషర్‌లోనే సరిగ్గ చూపుతదని మరువకు.

అది కూడ సరిగ్గనే ఉంటే, కుర్చీ వేసుకొని రెండు టవర్ల గేజ్‌ల ముందర అరగంట కూసో. పని చేసే టవర్ నిండు ప్రెషర్‌కు చేరాలె, దిగే టవర్ ముల్లు సున్నాకు రావాలె. సున్నాకు రాకుండ 0.3, 0.5 దగ్గర ఆగుతుంటే సైలెన్సర్ దుమ్ముతో మూసుకుంది, లేదంటే ఇన్‌లెట్ వాల్వ్ లీకై గాలి లోపలికి దొర్లుతుంది. సైలెన్సర్ విప్పి ఒక్క సైకిల్ నడిపితే ఏదో తేలిపోతది. ఆ అరగంట చెవులకు మఫ్ పెట్టుకో. రెండు టవర్లు కలిసే ఈక్వలైజేషన్‌లో రెండు ముళ్లూ సుమారు సగం ప్రెషర్ దగ్గర కలవాలె. కలవకపోతే ఆ వాల్వో, దాన్ని కరెంటుతో నడిపే సోలనాయిడో, ఇన్‌స్ట్రుమెంట్ గాలో చూడు. ప్యూరిటీ ఒక టవర్ వంతులో మంచిగుండి, ఇంకో టవర్ వంతులో దిగుతుంటే తప్పు ఆ ఒక్క టవర్‌దే. రెండు నిమిషాల సైకిల్‌లో ఒక్కో వాల్వ్ ఏడాదికి 2,62,800 సార్లు తెరుచుకుంటది. సీట్ అరగకుండ ఎట్లుంటది? వాల్వ్ సీట్ కిట్ వేలల్లో అయిపోతది.

ఇవన్నీ దాటినంకనే టవర్ మూత తెరుస్తం. సైలెన్సర్ దగ్గర నల్ల దుమ్ము కనపడితే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. బెడ్ కుంగి పైన ఖాళీ ఏర్పడ్డది, ప్రెషర్ ఎక్కి దిగినప్పుడల్ల గుళికలు ఎగిరి ఒకదానికొకటి రాసుకొని పిండి అవుతున్నయి. జల్ది చూసుకుంటే పైన కొంచెం సీఎంఎస్ పోసి మూసేస్తే సరిపోతది. ఆలస్యమైతే ఆ పిండి వాల్వ్ సీట్లను, సైలెన్సర్‌ను, అన్నింటినీ పాడు చేస్తది.

కొత్తగ నింపాల్సి వస్తే వాన లేని పొడి రోజు చూసుకో. అడుగున జాలీ, సిరామిక్ బాల్స్, అల్యూమినా, దాని పైన సీఎంఎస్. డ్రమ్ములు ఒక్కొక్కటే తెరిచి వెంటనే పోయాలె, ముందే అన్నీ విప్పి పెట్టొద్దు. ఒకే చోట కుప్పగ కుమ్మరించకుండ జల్లెడ గుండ అంతటా సమానంగ రాలేటట్టు పోస్తే గుళికలు గట్టిగ కుదురుకుంటయి. వైబ్రేటర్‌తో టవర్ గోడను కదిలిస్తూ నింపాలె. నింపుతున్న గుళికల మీద ఎవ్వరూ నిలబడొద్దు. పైన కొబ్బరి పీచు మ్యాట్, దాని మీద జాలీ, ఆపైన నొక్కిపట్టే స్ప్రింగో సిలిండరో. నెల నడిచినంక మళ్ల తెరిచి మట్టం చూడాలె, కొత్త బెడ్ కుంగకుండ ఉండదు.

ప్యూరిటీ అవసరానికి మించి అడగొద్దని ప్రొడక్షన్ వాళ్లతో కూసొని మాట్లాడు. 99.9కి ఒక క్యూబిక్ మీటర్ నైట్రోజన్‌కు గాలి సుమారు 3.5 క్యూబిక్ మీటర్లు పడితే, 99.99కి 5 దిక్కు పోతది. ఆ తేడా అంత కరెంటు బిల్లే. బ్లాంకెటింగ్‌కు 99.5 సరిపోయే చోట నాలుగు తొమ్మిదులు ఎందుకు? ఏ సాల్వెంట్‌కు ఆక్సిజన్ ఎంత లోపల ఉండాలో సేఫ్టీ వాళ్ల దగ్గర రాతపూర్వకంగ తీసుకొని దానికి తగ్గట్టు సెట్ చెయ్యి.

జిల్లా ఆస్పత్రులలో 2021లో పెట్టిన పీఎస్‌ఏ (ప్రెషర్ ఎక్కించి దించి గ్యాస్‌ను విడదీసే) ఆక్సిజన్ ప్లాంట్ల గురించి ఎవరన్న అడిగితే, అందులో ఉండేది జియోలైట్. అది నైట్రోజన్‌ను పట్టుకొని ఆక్సిజన్‌ను వదుల్తది. ఆర్గాన్ ఇక్కడ ఆక్సిజన్‌తో పోతది కాబట్టి 95, 96 శాతానికి మించి రాదు, 93కు మూడు అటో ఇటో ఉంటే సరైనదే. జియోలైట్ నీళ్లను సీఎంఎస్ కంటె గట్టిగ పట్టుకుంటది, ప్రెషర్ దించితే వదలదు. పైన రాసిన డ్రయర్ జాగ్రత్తలన్నీ అక్కడ ఇంకా ఎక్కువ.

ఇది బాగా గుర్తు పెట్టుకో బిడ్డా. నైట్రోజన్‌కు వాసన లేదు, దమ్ము ఆడనట్టు కూడ అనిపించదు. ఆక్సిజన్ బాగా తగ్గిన గాలిలో రెండు మూడు శ్వాసలకే మనిషి పడిపోతడు. ప్లాంటు రూములో 19.5 శాతం దగ్గర మోగే ఆక్సిజన్ అలారం ఉండాలె, అది మోగుతుందో లేదో నెలకోసారి పరీక్షించాలె. టవర్‌లో గాని, నైట్రోజన్ నిలిచే సర్జ్ ట్యాంకులో గాని, నైట్రోజన్ పోయే రియాక్టర్‌లో గాని తల పెట్టి చూడొద్దు. లైన్లు విప్పి బ్లైండ్ (పైపును మూసే పలక) వేసి, బ్లోయర్‌తో గాలి ఆడించి, మీటర్‌తో కొలిచి, పర్మిట్ మీద సంతకం అయినంకనే ఎవరన్న దిగాలె, బయట ఒక మనిషి కాపలా ఉండాలె. లోపల మనిషి పడిపోతే ఆయనను తెద్దామని వెంటనే దిగిన రెండో మనిషి కూడ పడిపోతడు. బ్రీతింగ్ సెట్ లేకుండ ఎవ్వరినీ దిగనియ్యకు, ఎంత ఒర్రినా సరే. ఈ మాట నీ షిఫ్ట్‌లో ఉన్న కాంట్రాక్టు పిల్లలకు వాళ్ల భాషలో, బిహార్ నుంచి వచ్చినోళ్లుంటే హిందీలో, చెప్పించు.

స్టోర్స్‌లో ఇవి పెట్టించు: ప్రతి సైజు వాల్వ్‌కు ఒక సీట్ కిట్, రెండు సోలనాయిడ్ కాయిల్స్, ఫిల్టర్ ఎలిమెంట్ల ఒక సెట్, ఆటో డ్రెయిన్ ఒకటి. అనలైజర్ సెల్ మాత్రం ముందే కొని పెట్టకు. ప్యాకెట్‌లో ఉన్నా దాని ఆయుష్షు తగ్గుతనే ఉంటది, తారీఖు చూసి అవసరానికి రెండు నెలల ముందు తెప్పించు. మొదటి వారం రెండు టవర్ల గేజ్ రీడింగులు, డ్యూ పాయింట్, ఫ్లో, ప్యూరిటీ గంటగంటకు రాయించి ఆ కాగితాలు నాకు ఫోన్‌లో పంపు, చూసి చెప్తా.

ఇట్లు
మీ పెద్దనాయన, నల్లగొండ