టెక్ సందేహాలు: 2000 వాట్ల గీజర్‌ సాయంత్రానికి 1300 అయిందేం?

ప్రశ్న: మాది పలమనేరు. 15 లీటర్ల గీజర్ కొన్నాం. దాని మీద 230 వోల్టులు, 2000 వాట్లు అని ఉంది. తెల్లారిజామున నీళ్లు ఇట్టే కాగుతాయి, సాయంత్రం ఏడుకు మాత్రం ఎంతకీ కాగవు. మా బావమరిది వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్, వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చి చూసినాడు. 185 వోల్టులు, 7 ఆంపియర్లు వచ్చింది. గుణిస్తే 1295 వాట్లే. కంపెనీవాళ్లు మోసం చేసినట్టేనా? స్టెబిలైజర్ పెట్టించమంటారా?

జవాబు: మోసం లేదు. మీ బావమరిది తీసిన అంకెలే కంపెనీ తరఫున సాక్ష్యం చెబుతున్నాయి.

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, ఓముల్లో వస్తుంది. 185ని 7తో భాగించండి, 26.4. ఇప్పుడు గీజర్ మీద రాసినదాన్నే పట్టుకుందాం. 2000ని 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు, 230ని ఆ 8.7తో భాగిస్తే మళ్లీ అదే 26.4. నీళ్లు కాచే కాయిల్ కంపెనీ చెప్పినట్టే ఉంది. దిగిపోయింది వోల్టేజీ.

రెసిస్టెన్స్ కాయిల్ సొంతం, వాట్లు కావు. వోల్టేజీ తగ్గితే దానితో పాటు కరెంటూ తగ్గుతుంది. వాట్లంటే ఆ రెండింటి గుణకారం కాబట్టి దెబ్బ రెండు వైపులా పడుతుంది. మీకు తగ్గిన వోల్టేజీ అయిదో వంతే, పోయిన వాట్లు మాత్రం మూడో వంతు పైమాటే. 20 డిగ్రీల నీళ్లు 15 లీటర్లు 50 డిగ్రీలకు తేవాలంటే 2000 వాట్లకు దాదాపు 16 నిమిషాలు, 1295 వాట్లకు 24 నిమిషాలు. బిల్లు గురించి దిగులు వద్దు. ఎలా కాచినా ఖర్చయ్యేది అర యూనిట్ పైచిలుకే. పోయేది మీ ఓపిక.

స్టెబిలైజర్‌కు డబ్బు పెట్టకండి. అవతల 2000 వాట్లు ఇవ్వాలంటే 185 వోల్టుల లైను నుంచి అది దాదాపు 11 ఆంపియర్లు లాగాలి. అలా లాగితే వోల్టేజీ ఇంకాస్త కుంగుతుంది.

కానీ ఒక పరీక్ష చేయాల్సిందే. ఆ 185 గీజర్ వేశాక చూసిందా, వేయక ముందు చూసిందా? మీరు రాయలేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి రెండుసార్లూ సాకెట్ దగ్గరే చూడమనండి. ఆపినప్పుడు 187, వేసినప్పుడు 185 అయితే తక్కువ వోల్టేజీ బయటి నుంచే వస్తోంది. అలాకాక 205 నుంచి ఒక్కసారిగా 185కు పడిపోయి, మెయిన్ బోర్డు దగ్గర మాత్రం పెద్దగా మార్పు లేకపోతే, ఆ 20 వోల్టులూ మీ ఇంటి వైరింగ్‌లోనే పోతున్నాయి. 20ని 7తో గుణిస్తే 140 వాట్లు. గోడలో ఏదో లూజు జాయింటు మీద ఓ బుల్లి ఇస్త్రీపెట్టె పెట్టినట్టే లెక్క. ప్లగ్గు నల్లబడినా, ముట్టుకుంటే చురుక్కుమన్నా అప్పుడే ఆపేయండి. గీజర్‌కు 16 ఆంపియర్ల సాకెట్ తప్ప వేరేది వాడకూడదు.

క్లాంప్ మీటర్‌ను రెండు వైర్లకూ కలిపి తగిలిస్తే సున్నా చూపిస్తుంది. ఒక్క వైరునే పట్టాలి.

ప్రశ్న: తిరుపతిలో డిప్లొమా చదువుతున్నాను. పాత 100 వాట్ల బల్బును మల్టీమీటర్‌తో చూస్తే 40 ఓములు వచ్చింది. 230ని 230తో గుణించి 100తో భాగిస్తే లెక్కలో 529 రావాలి. మీటర్ చెడిపోయిందా సార్?

జవాబు: మీటర్ నిక్షేపంగా ఉంది. మీరు కొలిచింది చల్లని బల్బును, లెక్కలోని 529 వెలుగుతున్న బల్బుది. టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాగేసరికి దాని రెసిస్టెన్స్ పదింతలు దాటిపోతుంది. ఓమ్ అనే జర్మన్ మాస్టారు 1827లో పుస్తకం వేసిన సూత్రం వేడి మారనంత వరకే నేరుగా పనిచేస్తుంది. పాత బల్బులు స్విచ్ వేసిన క్షణంలోనే టప్పున పోయేది అందుకే, చల్లని తీగ మొదట బోలెడు కరెంటు లాగుతుంది. గీజర్ కాయిల్ నికెల్, క్రోమియం కలిపిన నైక్రోమ్‌ది, వేడెక్కినా పెద్దగా మారదు. పైన పలమనేరు లెక్క అంత చక్కగా కుదిరిందీ అందుకే. ఓముల్లో కొలిచేటప్పుడు మాత్రం కరెంటు తీసేసి ఉండాలి.

ప్రశ్న: రేణిగుంటలో విమానం ఎక్కాలి. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు తీసుకెళ్లొచ్చా?

జవాబు: 20,000 ఎంఏహెచ్ అంటే 20 ఆంపియర్ అవర్లు. వాటిని లోపలి సెల్ వోల్టేజీ 3.7తో గుణిస్తే 74 వాట్ అవర్లు. విమానంలో హద్దు 100 వాట్ అవర్లు. చేతి సంచిలో పెట్టుకోండి, లగేజీలో వేయొద్దు.

ప్రశ్న: మా బావి మోటారు 1 హెచ్‌పీ. 220 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు లాగుతోంది, అంటే 1320 వాట్లు. 1 హెచ్‌పీ 746 వాట్లే కదా? మెకానిక్ వైండింగ్, అంటే లోపలి తీగ చుట్లు, మార్చాలంటాడు. - బంగారుపాళ్యం

జవాబు: ఆ లెక్క చూపించి వైండింగ్ మారుస్తానంటే ఒప్పుకోకండి. మోటారులో వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేవి వాట్లు కావు, వోల్ట్ ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్, అంటే ఆ వోల్ట్ ఆంపియర్లలో నిజంగా వాట్లయ్యే వంతు, 0.8 అనుకుంటే నిజంగా లాగేది 1056 వాట్లు. అందులో వంద పాళ్లకు 70 పాళ్లు ఇరుసుకు చేరితే 739, అంటే మీ 1 హెచ్‌పీ. 746 అనేది ఇరుసు దగ్గర లెక్క, మీటరు దగ్గరది కాదు. అలాగే 220ని 6తో భాగిస్తే వచ్చే 36.7 వైండింగ్ రెసిస్టెన్సూ కాదు, అసలు వైండింగ్‌కు ఉండేది అంతకంటే చాలా తక్కువ.

గీజర్‌కూ మోటారుకూ పోలిక పెట్టుకోకండి. వోల్టేజీ పడితే గీజర్ కరెంటు తగ్గించుకుని నిదానంగా పనిచేస్తుంది. మోటారు నీళ్ల బరువు లాగక తప్పదు కాబట్టి కరెంటు పెంచుకుంటుంది, వైండింగ్ కాలేది అప్పుడే. ఆంపియర్లు చూడాల్సింది వోల్టేజీ బాగున్న పొద్దున కాదు, పడిపోయిన సాయంత్రం. మోటారు ప్లేటు మీద రాసినదానికంటే ఎక్కువ చూపిస్తే కరెంటు హద్దు దాటితే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టర్ పెట్టించి, రిలేను ఆ ప్లేటు అంకెకే సెట్ చేయించండి.