యాక్సిల్‌కు గట్టిదనం ఎక్కడ కావాలి?

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. పరకాలలో లేత్ షాపు తెరిచావని, అప్పుడే ట్రాక్టర్ వెనక చక్రాన్ని తిప్పే ఇరుసు, అంటే యాక్సిల్ షాఫ్ట్, లేత్ మీద తిప్పి చేసే పని ఒప్పుకున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. సంతోషం. కానీ విన్నప్పటి నుంచి నాకు కొంచెం టెన్షన్‌గా కూడా ఉంది. లారీ వెనక షాఫ్ట్ చక్రాన్ని తిప్పడానికే ఉంటుంది, చక్రం మీద పడే బరువును షాఫ్ట్ చుట్టూ ఉండే గొట్టం, అంటే హౌసింగ్, మోస్తుంది. అది విరిగినా చక్రం నిలబడుతుంది. ట్రాక్టర్‌లో షాఫ్టే చక్రాన్ని తిప్పాలి, బరువూ మోయాలి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలుకుపోతుండగా అది విరిగితే చక్రమే ఊడొస్తుంది.

రైతు వచ్చి "ఎంత గట్టిగ చేస్తే అంత మంచిది" అంటాడు. నువ్వు సరేనని తల ఊపకు. నేను ఊపాను. ఆటోనగర్‌లో పని మొదలుపెట్టిన కొత్తలో ఒక లారీకి ఈఎన్24 అనే నికెల్, క్రోమియం కలిసిన ఉక్కుతో షాఫ్ట్ తిప్పి, కాల్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్‌కు బయట ఇచ్చాను. తిరిగొచ్చాక దాని మీద ఆకురాయి పెడితే జారిపోయింది. పని బ్రహ్మాండంగా కుదిరిందని మురిసిపోయాను. వాళ్లు కాల్చి నూనెలో ముంచారు తప్ప, తర్వాత తక్కువ వేడిలో మళ్లీ ఉంచి పెళుసుతనం తగ్గించే టెంపరింగ్ చేయలేదు. నేనూ అడగలేదు. వారం తిరగకముందే, గ్రానైట్ రాళ్ల లోడుతో కరీంనగర్ దారిలో ఎత్తు ఎక్కుతుంటే పుటుక్కున విరిగింది. బ్రేకు పట్టింది కాబట్టి సరిపోయింది. ఆ ముక్కలు చాలా ఏళ్లు షాపులో దాచుకున్నాను. సుద్దముక్కను మెలితిప్పి విరిస్తే ఎట్లా ఉంటుందో అట్లా, 45 డిగ్రీల ఏటవాలుగా విరిగింది. సాగే గుణం ఉన్న ఉక్కు ఒక్కసారి లోడు ఎక్కువై తెగితే, అడ్డంగా, దాదాపు చదునుగా తెగుతుంది.

ఎందుకో చెప్తాను. షాఫ్ట్ మెలిపడేటప్పుడు ఒత్తిడి పైపొర మీద అన్నిటికన్నా ఎక్కువ, నడిమధ్యలో సున్నా. అందుకే గట్టిదనం పైన కావాలి, లోపల ఓర్చుకునే గుణం కావాలి. కంపెనీ షాఫ్టులు చాలావాటికి కరెంటు చుట్టతో పైపొరనే వేడిచేసి చల్లార్చే ఇండక్షన్ హార్డ్‌నింగ్‌తో పైన కొన్ని మిల్లీమీటర్ల మందమే గట్టిదనం కొలత రాక్‌వెల్ సీ మీద 50 దాటేలా చేసి, లోపల దాన్ని 30 దరిదాపుల్లోనే వదిలేస్తారు. గట్టి షాఫ్ట్ మెలిపడదని కూడా కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. మందం, పొడవు ఒకటే అయితే మెత్తనిదీ గట్టిదీ ఒకే లోడుకు ఒకే అంత మెలిపడతాయి. లోడు తీశాక మళ్లీ తిన్నగా రావడానికి ఒక హద్దు ఉంటుంది. గట్టిదానికి ఆ హద్దు ఎక్కువ, అంతే తేడా.

నీకు ఇప్పుడు నమ్మకమైన దారి, ముందే టెంపర్ చేసిన ఈఎన్24టీ రాడ్డు సర్టిఫికెట్‌తో కొనడం. అది బ్రినెల్ అనే ఇంకో గట్టిదనం కొలతలో 248 నుంచి 302 మధ్య ఉంటుంది, మామూలు టూల్‌తోనే తిప్పుకోవచ్చు. పాత షాఫ్ట్ పైపొర గట్టిగా ఉంటే, కొత్తదానికీ ఇండక్షన్ చేయించు. మామూలు రాడ్డు తిప్పి కాల్పించాల్సి వస్తే మాత్రం 830 నుంచి 850 డిగ్రీల వేడికి కాల్చి నూనెలో ముంచాలి, ఆలస్యం చేయకుండా టెంపరింగ్‌కు పెట్టాలి. అయస్కాంతం అంటకపోతే వేడి చాలునని కొందరు చెప్తారు. ఆ గుణం 770 దగ్గరే పోతుంది, కాబట్టి దాన్ని నమ్ముకోకు. అదే రాడ్డు నుంచి అదే మందంలో చిన్న ముక్క కోసి షాఫ్ట్‌తో పాటే ఫర్నేస్‌లో పెట్టించు. తర్వాత దాన్ని అడ్డంగా కోయించి నడిమి గట్టిదనం చూడు. షాఫ్ట్ పైన చూసే అంకె లోపలి సంగతి చెప్పదు.

ఇక లేత్ మీద నీ చేతిలో ఉండే పని. చక్రం బిగించే పళ్లెం లాంటి ఫ్లాంజ్ మొదట్లో మూల పదునుగా వదలకు, గుండ్రంగా దించు. అక్కడా, షాఫ్ట్ రెండో కొసన గేరులో ఇమిడే స్ప్లైన్ పళ్ల అడుగునా టూల్ గీతలు మిగలకూడదు. పగులు మొదలయ్యేది వాటి దగ్గరే. నంబర్ పంచ్ షాఫ్ట్ చివరి మొహం మీదే కొట్టు, నడుమున కొట్టకు. విరిగినదాన్ని వెల్డింగ్ చేసి ఇవ్వమని ఎవరు బతిమాలినా ఒప్పుకోకు. ఆ వేడికి అతుకు పక్కన ఒకచోట గాజులా పెళుసెక్కుతుంది, ఇంకొంచెం అవతల మెత్తబడుతుంది. రైతుకు సీజన్ ఆగిపోతుందని నాకూ తెలుసు. అయినా వద్దు.

ఆ రైతు తెచ్చిన పాత షాఫ్ట్ విరిగిన మొహాన్ని రుద్దకు, రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి చూడకు. నూనె గుడ్డలో విడివిడిగా చుట్టి ఆదివారం వరంగల్ తీసుకురా. సముద్రం ఒడ్డున అలల గీతల్లాంటివి దాని మీద ఉంటే, చాలాకాలం నుంచి కొద్దికొద్దిగా పగులుతూ వచ్చిందని అర్థం. ఆ గీతలు ఎక్కడ మొదలయ్యాయో ఇద్దరం కలిసి చూద్దాం. అప్పటిదాకా రాడ్డు కొనకు.

మీ మామయ్య